గొడ్డలి ఎత్తుటకు ముందు: చెట్ల రక్షణ, తొలగింపు నియమములు

మాఘ ఫాల్గుణ మాసములలో హిందూపురము చింతపండు మార్కెట్టుకు పోయి చూచినవారికి ఈ సీమలో చెట్టు విలువ ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. చుట్టుపట్ల గ్రామముల నుండియు, సరిహద్దుకు ఆవలనున్న కర్ణాటక గ్రామముల నుండియు చింతపండు మూటలు బండ్లమీదను, ట్రాక్టర్లమీదను వచ్చి దిగును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లకు మించి వాన కురియని ఈ ప్రాంతములో వేరుశనగ ఎండిన సంవత్సరము కూడ ఇంటికి నాలుగు రూకలు తెచ్చునది గట్టుమీది చింతమానే. చింత చచ్చినా పులుపు చావదను సామెత ఈ సీమ రైతుకు నిత్యానుభవము.

అట్టి చెట్లు నానాటికి తగ్గిపోవుచున్నవి. ఇటుక బట్టీలకు కొన్ని, బొగ్గులకు కొన్ని, వెడల్పు చేయబడిన దారులకు కొన్ని, ఎండిన బోర్లు మిగిల్చిన అప్పులకు కొన్ని పోవుచున్నవి. ఒక పూటలో నేలకూలిన చింతమాను మరల అంతటిది కావలెనన్న ఒక తరము పట్టును.

గ్రామములలో చెట్ల ప్రస్తావన వచ్చినపుడు రైతులు నాతో రెండు మాటలు చెప్పుదురు. ఒకటి: "నా చేన్లో మాను నేను కొట్టుకుంటే ఎవరు సార్ అడిగేది?" రెండవది: "అడిగితే ఇస్తారా సార్? తిరిగి తిరిగి చెప్పులు అరగాల్సిందే." ఈ రెండు మాటలును సరియైనవి కావు. మొదటి మాట నమ్మినవారు నష్టపడుచున్నారు. రెండవ మాట నమ్మినవారును నష్టపడుచున్నారు. నేను చూచిన రెండు సంగతులు చెప్పిన ఇది తేటపడును.

రెండు గ్రామములలో జరిగినవి

మొదటి గ్రామము పెనుకొండ వైపుది. ఒక రైతు తవ్వించిన బోరు రెండేండ్లకే ఎండిపోయి అప్పు మాత్రము మిగిలినది. దారి ప్రక్కనున్న ఆయన చేని గట్టున, ఇక్కడివారు గనిమ అందురు, ఒక పెద్ద చింతమాను కలదు. తాత నాటినదని ఇంటిల్లిపాదియు చెప్పుకొనెడివారు. కట్టెల వ్యాపారి వచ్చి బేరమాడి బయానా ఇచ్చెను. మరునాడు కొమ్మలు దించుచుండగా పంచాయతీవారు వచ్చి పని ఆపించిరి. ఎఫ్.ఎం.బి. పటము ప్రకారము కొలువగా మాను మొదలు పట్టా హద్దుకు మూడు మూరలు ఆవల, బండ్లదారి పోరంబోకులో తేలినది. రైతు బయానా తిరిగి ఇచ్చి, పైన అపరాధము కట్టవలసి వచ్చెను. కొమ్మలు పోయిన మాను ఆ సంవత్సరము కాయలేదు; తరువాతి సంవత్సరమును కాయలేదు. నలువది ఏండ్లుగా ఆ కాయలు రాల్చుకొన్నది ఆ ఇంటివారే. ఇంతకాలము ఎవరును అడుగలేదు గనుక మాను తమదేయని వారు తలచిరి. ఎవరును అడుగకపోవుట వేరు, హక్కు ఉండుట వేరు.

రెండవ గ్రామము ధర్మవరము వైపుది. ఒక రైతు ఇంటి వెనుక పశువుల కొట్టము, దాని ప్రక్కనే ఎండిన వేపమాను. మొదలు తొఱ్ఱ పట్టి ఉండెను. ఆ స్థలము ఆయనదే, మాను ఆయనదే. అయినను కొట్టిన కేసు పెట్టుదురను భయముచేత మూడేండ్లు అట్లే వదిలెను. ముంగారు వానకు ముందు వచ్చిన గాలికి ఒక రాత్రి ఆ మాను కొట్టముమీద విరిగిపడి పాడి ఆవు చనిపోయినది. పంటనష్టము చూచుటకు ఆ ఊరు పోయిన నాతో ఆయన ఇట్లు చెప్పెను: "ఎండిన మానుకు గూడా అర్జీ పెట్టాల్నంట, పెట్టినా ఇయ్యరంట అని అందురూ అన్నారు సార్. ఊరకుంటిని."

నిజమేమనగా, అట్టి మానుకు అనుమతి నిరాకరింపరాదని చట్టములోనే కలదు. అంతకు నెల ముందు అదే ఊరిలో విత్తనశుద్ధిని గూర్చి నేను గంటసేపు మాట్లాడితిని. ఆ గంటలో ఈ ఒక్క మాట కూడ చెప్పియుండినచో ఆ ఆవు బ్రతికెడిది. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మాను ఎవరిది?

గొడ్డలి ఎత్తుటకు ముందు తేల్చుకొనవలసిన మొదటి విషయమిది. కంటికి కనబడు గట్టునుబట్టి గాని, ఎవరు నాటిరన్న మాటనుబట్టి గాని ఇది తేలదు; మాను మొదలు ఏ సర్వే నంబరులో నున్నదో దానినిబట్టి తేలును.

పట్టా భూమిలోని మాను పట్టాదారునిది. ఇద్దరి హద్దుమీద నున్నచో ఇద్దరి సమ్మతియు కావలెను.

ప్రభుత్వము ఎసైన్ చేసి ఇచ్చిన డి.పట్టా భూమిలో పూర్వము నుండి ఉన్న పెద్ద మ్రాకులను సొంతమని తలచి అమ్మరాదు. పట్టా షరతులు చదివించుకొని, తహసిల్దారు కార్యాలయములో విచారించిన పిమ్మటనే మాటలాడవలెను.

పశువుల మేతబీళ్లు, కళ్లములు, శ్మశానములు, మందబయళ్లు, బండ్లు నిలుపు స్థలములు, తోపులు — ఇట్టి పోరంబోకులలో ప్రభుత్వమునకు ప్రత్యేకముగ అవసరము లేనివి 1994 పంచాయతీరాజ్ చట్టము 58వ సెక్షను ప్రకారము గ్రామ పంచాయతీకి చెందును. ఊరి చింతతోపు ఊరందరి సొత్తనుట దీనివలననే. ఊరందరి సొత్తు అనగా ఎవరికి వారు కొట్టుకొనదగినది అని అర్థము కాదు.

పంచాయతీ దారుల ప్రక్క చెట్లు పంచాయతీవి. పెద్ద రోడ్ల ప్రక్క చెట్లు రోడ్లు భవనముల శాఖవి. జాతీయ రహదారి ప్రక్కనున్నవి ఆ రహదారి అధికారుల అధీనములోనివి. చెరువు కట్టమీదివానికి జలవనరుల శాఖను, దేవాలయ మాన్యములలోనివానికి దేవాదాయ శాఖను అడుగవలెను. హిందూపురము, ధర్మవరము పురపాలక సంఘముల లోపలను, పెనుకొండ నగర పంచాయతీ లోపలను వీధి చెట్లు ఆయా పట్టణ సంఘముల పాలనలో నుండును. రిజర్వు అడవిలోని చెట్టు జోలికి పోనేకూడదు. అది 1967 అటవీ చట్టము క్రింద నేరము.

ఇక చెట్టు పట్టా సంగతి. ఈ సీమ మదరాసు రాష్ట్రములో నున్న కాలము నుండియు పోరంబోకులో చెట్టు నాటి పెంచినవానికి దాని ఫలసాయము అనుభవించుటకు పట్టా ఇచ్చు ఆచారము కలదు. తాతల నాటి కాగితముల పెట్టెలో అట్టి పట్టా ఉన్నదేమో వెదకి చూచుకొనుడు. ఉన్నచో అది విలువైనదే. కాని దానివలన వచ్చునది ముఖ్యముగ కాయలపై హక్కు. నేలపై హక్కు కాదు, మొదలు నరుకుటకు అనుమతియు కాదు.

చట్టమేమి చెప్పుచున్నది?

2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టమును మనవారు వాల్టా చట్టమందురు. దాని నియమములు 2004లో వెలువడినవి. బోరు వేయుటకు అనుమతి కోరు చట్టముగనే రైతులు దీనిని ఎరుగుదురు. చెట్లను గూర్చిన అధ్యాయము కూడ అందులోనే కలదు. నీటిని, నేలను, చెట్టును ఒకే చట్టములో చేర్చుటలో అర్థము కలదు: చెట్టు లేని నేలపై పడిన వాన మట్టిని తీసికొని పోవునేగాని భూమిలోనికి దిగదు. బోరు ఎండినదని చింతమాను నరికినవాడు తరువాతి బోరునకు దిగవలసిన నీటిని గూడ కొంత పోగొట్టుకొనుచున్నాడు.

ఈ చట్టము ప్రకారము సొంత భూమిలోని చెట్టునైనను అధికారి అనుమతి లేక నరుకరాదు. చెట్ల విషయములో ఆ అనుమతి అటవీశాఖవారి ద్వారా పొందవలెను. మొదలు నరుకుట మాత్రమే నరుకుట కాదు. బెరడు చుట్టును వలిచి ఎండబెట్టుట, మొదట చెత్త పోసి కాల్చుట, వేళ్లు తెగగొట్టుట, మందు పోయుట — ఇవన్నియు నరుకుటతో సమానమే. "మాను తనంతట తానే ఎండినది సార్" అని చెప్పుటకు ముందు మొదట నున్న మసిని అధికారి చూడగలడని జ్ఞాపకముంచుకొనుడు.

సరుగుడు, నీలగిరి, సుబాబులు మొదలగు పెంపక జాతులకు నియమములలో సడలింపు కలదు. పంటవలె నాటి పంటవలె కోసికొనునవి గనుక ఈ వెసులుబాటు. అయితే సడలింపు జాబితా కాలమునుబట్టి మారుచుండును. కావున తోట కోతకు రాకముందే రేంజి ఆఫీసులో ఆనాటి జాబితా చూచుకొనుట క్షేమము. చింత, వేప, కానుగ, మర్రి, రావి, మామిడి వంటివాటికి సడలింపు ఉండునని తలచి ఎవరును గొడ్డలి పట్టరాదు.

అనుమతి నిరాకరింపరాని సందర్భములు

ఈ భాగము ప్రతి గ్రామములోను చదివి వినిపింపదగినది. ఈ క్రింది స్థితులలో నున్న చెట్టుకు అనుమతి నిరాకరింపరాదని చట్టము చెప్పుచున్నది:

1. ఎండిపోయినది, తెగులు పట్టినది, గాలికి పడిపోయినది.
2. పూర్తిగ ముదిరి కోతకు వచ్చినది. అయితే ఏటవాలు కొండచరియపై నున్నది కారాదు.
3. ప్రాణమునకో ఆస్తికో అపాయకరముగ నున్నది.
4. రాకపోకలకు అడ్డముగ నున్నది.
5. అగ్ని, పిడుగు, వాన మొదలగువానివలన చాలభాగము పాడైపోయినది.
6. పల్లెలలో వంటచెరకునకో, పశువుల మేతకో, సేద్యపు పనిముట్లకో, ఇంటి అవసరమునకో నిజముగ కావలసినది.

ధర్మవరము వైపు రైతు వేపమాను మొదటి సందర్భమునకును, మూడవ సందర్భమునకును చెందినది. ఆయన అడిగియుండినచో అనుమతి ఈయవలసినదే. ఆరవ సందర్భము మన రైతుకు చాల ముఖ్యమైనది. కాని "నిజముగ కావలసినది" అను మాటను మరువరాదు. కాడికిని మేడికిని కావలసిన తుమ్మ వేరు, బట్టీకి లారీలో పోవు చింత వేరు.

దరఖాస్తు ఎట్లు చేయవలెను?

మొదట గ్రామ సచివాలయములోని సర్వేయరుతో మాను మొదలు ఏ సర్వే నంబరులో నున్నదో తేల్చుకొనవలెను. తరువాత దరఖాస్తులో గ్రామము, సర్వే నంబరు, చెట్టు జాతి, చెట్ల సంఖ్య, రొమ్మెత్తున మాను చుట్టుకొలత, నరుకవలసిన కారణము స్పష్టముగ వ్రాయవలెను. పట్టాదారు పాసు పుస్తకము నకలును, ఎఫ్.ఎం.బి. పటము నకలును జతపరుపవలెను. వీలైనచో చెట్టు ఫోటో కూడ పెట్టిన మంచిది. వాలిన మాను, తొఱ్ఱపట్టిన మొదలు ఫోటోలో కనిపించిన కారణము వెంటనే తెలియును. దరఖాస్తు దాఖలు చేయు మార్గము, రుసుము, డిపాజిట్ వివరములు మీ సేవా కేంద్రములోనో రేంజి ఆఫీసులోనో అడిగి తెలిసికొని, కట్టిన ప్రతి పైసకును రసీదు తీసికొనవలెను.

దరఖాస్తు అందిన పిమ్మట అధికారి చెట్టును చూచి విచారణ చేయును. అనుమతి పూర్తిగ ఈయవచ్చును, కొన్ని చెట్లకు మాత్రమే ఈయవచ్చును. నిరాకరించినచో కారణము వ్రాతపూర్వకముగ చెప్పవలెను. నోటిమాటతో "లేదు పొమ్మనిరి" అని తిరిగి రావలదు, కాగితము అడుగుడు. అట్లే నోటిమాటతో "కొట్టుకొమ్మనిరి" అని గొడ్డలి ఎత్తవలదు. అప్పుడును కాగితమే అడుగుడు.

అనుమతితోపాటు, నరికిన చోటనో తగిన మరొక చోటనో మారుమొక్కలు నాటవలెనను షరతు ఉండును. దీనిని దండుగగా తలపరాదు. ముంగారు వానల వరకు ఆగి నాటుటకు గడువు కోరవచ్చును.

నరికిన తరువాత

నరుకుటకు అనుమతి వేరు, తరలించుటకు అనుమతి వేరు. 1970 అటవీ ఉత్పత్తుల రవాణా నియమముల ప్రకారము కలపను, కట్టెలను ఊరు దాటించుటకు రవాణా పర్మిటు కావలెను. నరుకుడు అనుమతి చేతనున్నను పర్మిటు లేని బండి దారిలో ఆగిపోవును. వ్యాపారి "అదంతా నేను చూచుకొందు"నని చెప్పినను, అమ్మినవాని పేరు కాగితములలో నుండునని మరువవలదు.

చందనము, ఎర్రచందనము విషయములో 1969 నుండియు ప్రత్యేక నియమములు కలవు. సొంత చేనిలో నాటినవైనను, నాటిననాడే అడంగలులో వ్రాయించుకొనుట మేలు. కోతనాడు "ఇది అడవిది కాదు, నాది" అని ఋజువు చేయవలసినది రైతే.

హిందూపురము, మడకశిర రైతులు మరొక సంగతి గమనింపవలెను. వియ్యపువారు, బంధువులు గౌరిబిదనూరులోను మధుగిరిలోను ఉందురు. "మావద్ద ఇట్లు లేద"ని వారు చెప్పిన మాట అక్కడికి నిజమే కావచ్చును. కర్ణాటకలో చెట్లకు 1976 నాటి వేరు చట్టము కలదు. చందనపు చెట్టు భూయజమానిదేయని 2001లో ఆ రాష్ట్రము తన అటవీ చట్టమును సవరించుకొన్నది. గట్టు దాటిన చట్టము మారును. ఇక్కడి మానుకు ఇక్కడి నియమమే.

పంచాయతీ పెద్దలకు, గ్రామాధికారులకు

1984 వరకు ఊరి చెట్ల లెక్క కరణము దస్త్రములో నుండెడిది. ఆ పదవులు రద్దయిన తరువాత అనేక గ్రామములలో చెట్ల లెక్క చెదిరినది. కావున ఈ క్రింది పనులు చేయుట అవసరము.

పంచాయతీ చెట్లన్నిటిని లెక్కించి, మానుమీద రంగుతో నంబరు వేసి, జాతి, చుట్టుకొలత, ఉన్న చోటు ఒక రిజిస్టరులో వ్రాయవలెను. నంబరు వేసిన మాను మాయమైనచో ఆ వారములోనే తెలియును.

చింతకాయల వేలము కాయలు పండకముందే, దండోరా వేయించి, అందరి సమక్షములో జరుపవలెను. వేలము కాయలకేగాని కొమ్మలకు కాదని షరతులలో స్పష్టముగ వ్రాయవలెను. కాయలు దులుపు నెపమున కొమ్మలు విరుచువారిచే మరుసటి సంవత్సరపు రాబడి కూడ పోవును.

ఎండిన చెట్టును తొలగించుటకు పంచాయతీ తీర్మానము ఒక్కటే చాలదు. తీర్మానము చేసి, విలువ కట్టించి, అనుమతి పొంది, బహిరంగముగ వేలము వేయవలెను. నియమము రైతుకొకటి, పంచాయతీకొకటి లేదు. పెద్దలే తోపు చెట్టును రాత్రికి రాత్రి కొట్టించినచో రైతుకు చెప్పు ముఖమెక్కడిది?

గ్రామ సభలో సంవత్సరమునకు ఒకసారి అపాయకరమైన చెట్ల జాబితా చదువవలెను. ముంగారు గాలులు రాకమునుపే, అనగా చైత్రమాసములోనే ఈ పని ముగియవలెను.

నరుకకుండ గడుచునా?

అనుమతి లభించు సందర్భములో గూడ రైతు ఒకసారి లెక్క వేసికొనవలెను. బాగుగ కాయు పెద్ద చింతమాను సాలుకు సగటున 150 కిలోల కాయ ఇచ్చును. ఒక ఏడు విరివిగ కాసి మరుసటి ఏడు తగ్గినను, పది సంవత్సరముల సరాసరి చూచుకొనిన 1,500 కిలోలు. పెంకు, గింజ, పీచు పోను మూడవ వంతు పండు దక్కినను 500 కిలోలు. గింజలకు వేరుగ ధర కలదు. వాని పొడిని నూలుకు గంజిగా వాడుదురు. ఈనాటి హిందూపురము మార్కెట్టు ధరతో ఆ 500 కిలోలను హెచ్చవేసి, కట్టెల వ్యాపారి చెప్పిన ధర ప్రక్కన వ్రాసి చూచుకొనుడు. వ్యాపారి ఇచ్చునది ఒక్కసారి. మాను ఇచ్చునది మన తరువాత కూడ.

నీడవలన నాలుగు సాళ్లు వేరుశనగ తగ్గుచున్నదని కొందరందురు. అది వాస్తవమే. దానికి మొదలు నరుకుట మందు కాదు. అధికారికి తెలిపి, చేనివైపు వాలిన క్రింది కొమ్మలను కాయ దులిపిన పిమ్మట నున్నగ కోయించిన వెలుతురు వచ్చును. గట్టున కానుగ ఉన్నచో దాని ఆకు మంచి పచ్చిరొట్ట ఎరువగును.

కొత్తగ నాటువారు అంటుమొక్కలు తీసికొనుట మేలు. విత్తనపు చింత ఎనిమిది పదేండ్లకుగాని కాయదు; అంటుచింత నాలుగైదేండ్లకే కాపునకు వచ్చును. మాను మొదలు ఎవరి హద్దులో నుండవలెనో నాటిననాడే కొలిచి నాటుడు. మనుమలు కొట్లాడుకొనవలసిన పని తప్పును.

పెనుకొండ వైపు రైతు సంగతి ముగింపవలెను. కొమ్మలు పోయిన ఆ మాను మూడవ సంవత్సరము మరల చిగిర్చినది. క్రిందటి ముంగారులో ఆయన తన పట్టాలోనే, గొలుసు పెట్టి కొలిపించి, ఆరు అంటుచింతలు నాటెను. మొన్న ఆ దారిన పోవుచు పలుకరించితిని. "ఇవి మాత్రం నావే సార్, కాగితంలో గూడా రాయించినా" అని నవ్వెను.

రైతు సోదరులారా! మొదట మాను ఎవరిదో తెలిసికొనుడు. తరువాత నరుకక తప్పునేమో యోచింపుడు. తప్పనిచో అడుగుడు, అడుగుట మీ హక్కు. కాగితము చేతికి వచ్చిన పిమ్మటనే గొడ్డలి ఎత్తుడు.